న్యూరోసైన్స్ చదువూ, కనిగిరి బోరు నీళ్లూ

ఒంగోలులో గణితం, భౌతికశాస్త్రం ప్రధానంగా బీఎస్సీ చదివి, మెదడునూ నరాలనూ అధ్యయనం చేసే న్యూరోసైన్స్ ఎమ్మెస్సీలో చేరిన నాకు, జంతుశాస్త్రం నుంచి, మనస్తత్వశాస్త్రం నుంచి, ఫార్మసీ నుంచి వచ్చినవారు సహాధ్యాయులయ్యారు. నాడీకణంలో విద్యుత్ సంకేతం పుట్టే తీరును వివరించే, శాస్త్రవేత్తలు హాజ్‌కిన్, హక్స్‌లీల 1952 నాటి సమీకరణాలు బోర్డు మీదికి వచ్చిన రోజు నా ప్రాణం లేచి వచ్చింది. మెదడు భాగాల పేర్లు వల్లెవేయవలసిన వారం నా పక్కవారి వంతు. స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు మీద తీసుకున్న కొలతలకు సరిపోవాలని వారిద్దరూ పొటాషియం ప్రవాహపు సమీకరణంలో ఒక చలరాశిని నాలుగో ఘాతానికి పెంచారు. దశాబ్దాల తరువాత, నాడీకణపు పొరలో పొటాషియంను దాటనిచ్చే ద్వారమైన పొటాషియం చానెల్ నిజంగానే నాలుగు ఉపభాగాలతో ఏర్పడుతుందని తేలింది. దాని నిర్మాణాన్ని వెల్లడించిన శాస్త్రవేత్త మెకిన్నన్‌కు 2003లో దక్కింది రసాయనశాస్త్ర నోబెల్.

అయితే ఈ శాఖలు ఎందుకు కలవాలో నాకు బాగా బోధపరచింది మా కనిగిరి ప్రాంతమే. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదట వర్ణించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970 దాకా ఆ జిల్లాలోనివే, ఆ తరువాతే ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు రాతి పొరల నుంచి భూగర్భజలంలోకి కరుగుతాయి. నీటిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ మరింతగా నిలిచిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని బాగా దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే వెన్నుపూసలు మందమెక్కి, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకగా గట్టిపడి, లోపలి నాళం ఇరుకై, వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు బిగుసుకుపోయి, పట్టు తప్పి నడిచే రోగిలో నాడీకణాన్ని మాత్రమే పరిశీలించేవారికి అసలు కారణం ఎన్నటికీ కనిపించదు.

మా పాఠ్యప్రణాళికతో నాకున్న పేచీ ఇదే. జీవశాస్త్రం ఒక పేపరు, గణన పద్ధతులు ఒక పేపరు, మనస్తత్వశాస్త్రం మరొకటి. వేటి పరీక్ష వాటిదే. తనదైన ఒక శాఖలో లోతు లేని విద్యార్థి అన్నీ పైపైన తెలిసినవాడిగా మిగిలిపోతాడన్నది నిజమే కనుక, ఆ పేపర్లను తీసివేయమని నేను అనను. కానీ ఒక్క సెమిస్టరైనా ఒకే సమస్యకు కేటాయించి, బోరు నీటి పరీక్ష ఫలితం, వెన్నెముక ఎక్స్‌రే, రోగి నరాల పరీక్ష నివేదిక మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి, వేర్వేరు డిగ్రీల నుంచి వచ్చిన నలుగురి చేత ఒకే నివేదిక రాయించాలి.