మా ఊరి తరఫున వకాల్తా

మా ఆయనది గుంటూరు, నాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. పిల్లలు పుట్టి పెరిగింది డాలస్‌లో. మా ఇంట్లో వంట విషయంలో మాత్రం గుంటూరే నెగ్గింది. గోంగూర, పండుమిరప కారం తిని పెరిగిన పిల్లలకి సాంబారులో, పులుసులో బెల్లం వేసే ఉత్తరాంధ్ర భోజనం అమెరికా కన్నా దూరం.

ఈ జూన్‌లో విశాఖ ఎయిర్‌పోర్టులో దిగి విజయనగరం, శ్రీకాకుళం, పలాస దాకా కారులో తిరిగాం. మా ఊరి తరఫున వకాల్తా పుచ్చుకోకూడదని బయల్దేరేముందే గట్టిగా అనుకున్నాను. బయటి దేశాల్లో ఉండే మనందరికీ ఉన్న జబ్బే అది. పిల్లాడు “ఇంత హారన్ ఎందుకమ్మా?” అంటే, “జనం ఎక్కువ నాన్నా, కానీ మనవాళ్ళు ఎంత మంచివాళ్ళో తెలుసా!” అని అందుకుంటాం. వాడడిగింది హారన్ గురించి.

ఇన్నోవా ఎక్కగానే మొదటి పరీక్ష. వెనక సీట్లో బెల్టులున్నాయి, పెట్టుకోడానికి బకిల్స్ లేవు. “ఎనకాల ఎవరూ పెట్టుకోరమ్మా” అన్నాడు డ్రైవరు. వెనక కూర్చున్నవాళ్ళూ పెట్టుకోవాలన్నది ఇక్కడా చట్టమే. “పర్లేదులే, కూర్చో” అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. పన్నెండేళ్ళ మా అమ్మాయి సీటు కవరు కిందకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి వెతికింది. ముందు పాత టోల్ రసీదులు, తర్వాత ఒక దువ్వెన, ఆ తర్వాత బకిల్ తగిలాయి. కవరు దాని మీదుగా కుట్టేశారు. డ్రైవరే దిగొచ్చి బ్లేడుతో కుట్టు విప్పాడు. “ఉండనీండి, ఇంకో ఎన్నారైలెక్కితే పనికొస్తాది” అన్నాడు.

విశాఖలో మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా కారు అంగుళం అంగుళం జరిగింది. పక్కన స్కూటర్ మీద నలుగురు, ముందు నిలబడ్డ బుడ్డోడు అద్దం పట్టుకుని మావాణ్ణి చూసి నవ్వుతున్నాడు. “వాడికి హెల్మెట్ లేదు. తప్పు కదా?” అన్నాడు మావాడు. “తప్పే” అన్నాను. అంతే, దానికి ఇంకే తోకా తగిలించలేదు. వాడు మళ్ళీ ఆ బుడ్డోడికి చెయ్యూపుతూ కూర్చున్నాడు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఇరుక్కుని, పిన్ని వాళ్ళింటికి చేరేసరికి ఆకలి నకనకలాడుతోంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, సాంబారు, వడియాలు. మొదటి ముద్దకే మావాడు “సాంబార్ తియ్యగా ఉంది” అని ప్రకటించాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను తల వంచుకుని తింటున్నాను. పిన్ని మాత్రం ఏమీ అనుకోలేదు. “అవున్రా, మీ అమ్మకి ఇలా ఉంటేనే దిగుతాది” అని ఆవకాయ జాడీ వాడి ముందుకి తోసింది. చుట్టాలైతే అన్నీ బాగున్నాయంటారు. వంకలు పెట్టేది ఇంటి పిల్లలే.

నాతవలస దగ్గర మళ్ళీ హైవే ఎక్కాం. రణస్థలం దాటాక తాటాకుల నీడలో ముంజెలమ్ముతున్నారు. అమ్మే ఆవిడ కాయ తల చెక్కి ఇస్తే మావాడు చెంచా కోసం అటూ ఇటూ చూశాడు. “సెంచా ఏటి బాబూ, ఏలెట్టి తీసుకోవాల!” అంది. వాడు బొటనవేలు గుచ్చాడు. నీళ్ళు కంట్లోకి చిమ్మాయి, మిగతావి చొక్కా మీదకి కారాయి. ముంజె సగం పైకొచ్చి మళ్ళీ లోపలికి జారింది. ఈసారి కాయని మూతికి ఆనించి జుర్రేశాడు. మా అమ్మాయి ఒక్కటి నోట్లో పెట్టుకుని, జారుతోందని ఉమ్మేసింది. ఆవిడ నవ్వింది, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంది.

 

పలాసలో జీడిపప్పు తయారుచేసే చోటికి తీసుకెళ్ళాను. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు పిక్క కొట్టి పప్పు తీస్తున్నారు. ఆ పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వాళ్ళ వేళ్ళు నల్లగా, పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. “గ్లవ్స్ ఎందుకివ్వరు?” అని మా అమ్మాయి తన డాలస్ యాస తెలుగులో యజమానినే అడిగేసింది. “తొడుక్కుంటే చెయ్యి ఆడదు తల్లీ, నూనె రాసుకుంటారు” అన్నాడాయన. “మరి కాలుతోంది కదా?” అంది. ఆయన నావైపు చూశాడు. మా పలాస, మా జీడిపప్పు అని పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పుకున్న మనిషిని, అక్కడ ఏమీ మాట్లాడలేదు.

రెండు కేజీలు కొన్నాను. మా అమ్మాయి తిననంది. తినకపోతే మానెయ్ అన్నాను. టెక్కలిలో టీ తాగుతుంటే వాళ్ళ నాన్నని అడుగుతోంది, గుంటూరులో మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళకి చేతులు మండవా అని.

“అదీ... వాళ్ళకి అలవాటేనమ్మా” అని ఆయన మొదలెట్టాడు.