కాజీపేట నుంచి గోదావరిఖని దాకా గాలి చూసొచ్చాను

ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) నంబర్ చూసి ఊరి గాలి గురించి తీర్పు చెప్పేయడం మనందరికీ అలవాటైపోయింది. ఆ నంబర్ తగ్గించడానికి ఊళ్లు ఏం చేస్తున్నాయో కళ్లారా చూద్దామని పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాను. జమ్మికుంట, పెద్దపల్లి దాటాక రామగుండంలో దిగి, ఆటోలో బొగ్గు గనుల ఊరు గోదావరిఖని చేరాను.

మెయిన్ రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుంటే నీళ్ల ట్యాంకర్ రోడ్డు తడుపుకుంటూ పోయింది. నా టీ అయ్యేలోపే ఎండకు రోడ్డు ఆరిపోయింది, వెనకే బొగ్గు లారీలు, ఒకదానికి పరదా సగమే కట్టారు, అంచుల్లోంచి పొడి రాలుతూనే ఉంది. కొట్టు పెద్దమ్మ బల్ల తుడిచి గుడ్డ చూపించింది. మడతలో నల్లటి చార, వేలితో రుద్దితే గరగరలాడింది. "పొద్దుగాల్ల నుంచి తుడుసుడే పని బిడ్డా" అంది.

గుడ్డకు అంటేది కంటికి కనిపించే దుమ్ము. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే పీఎం2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు, కంటికి ఆనదు, అది ఎక్కువగా బొగ్గు, డీజిల్, చెత్త మంటల పొగ నుంచి వస్తుంది, ట్యాంకర్ నీళ్లు దాన్ని ఆపలేవు. దానికి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో పెట్టింది 5. అయినా గాలి శుభ్రం చేయడానికి కేంద్రం 2019లో మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌లో నగరాల పనితీరును ప్రధానంగా పీఎం10తోనే, అంటే రోడ్డు దుమ్ము కూడా లెక్కలోకొచ్చే 10 మైక్రాన్ల వరకు ఉన్న కణాలతోనే, కొలుస్తూ వచ్చారు. అందుకేనేమో, ఢిల్లీలోని పర్యావరణ సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే ఆ కార్యక్రమం డబ్బులో 64 శాతం రోడ్ల దుమ్ముకే పోయిందని తేలింది, పరిశ్రమల పొగకు ఒక్క శాతం కూడా దక్కలేదు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ కార్యక్రమంలోని 131 నగరాల్లో హైదరాబాద్, నల్గొండ ఉన్నాయి, వరంగల్, కరీంనగర్, రామగుండం లేవు. లేనంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు. ఎక్కువగా ఏళ్ల తరబడి కొలిచిన లెక్కల్లో పరిమితి దాటిన ఊళ్లనే ఎంచారు, కొలత సరిగ్గా లేని ఊరు అసలు లెక్కలోకే రాదు కదా.

తిరుగు ప్రయాణం కరీంనగర్ మీదుగా బస్సులో. హన్మకొండలో దిగేసరికి రోడ్డు పక్కన ఊడ్చిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కలిపి కాలుస్తున్నారు. ఎందుకమ్మా అని అడిగితే "బండి రాలే సార్, ఏడ పొయ్యాలె?" అంది చీపురు పట్టుకున్నామె. ముక్కుకు కొంగు తప్ప మాస్క్ లేదు. నగరాలకు ర్యాంకులిచ్చేవాళ్లు ముందు ఆ చెత్త బండి రోజూ వస్తోందో లేదో అడగాలి, ఎందుకంటే ఆ పొగ అందరికన్నా ముందు పీల్చేది ఆమే.