ఆది మార్చాక

సెప్టెంబరు నెలాఖరులో శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. నవంబరు 1న చేరమన్నారు. పిల్లలు పుట్టాక ఏడేళ్లు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. రాత్రి పిల్లలు పడుకున్నాక బీరువా తీశాను. తీసి, అలా మంచం మీద కూర్చుండిపోయాను. ఒకవైపు నైటీలు, ఇంకోవైపు పాత ఉద్యోగం రోజుల నాటి ఎక్స్ఎల్ టాపులు. నాకిప్పుడు చాతీ 46, నడుము 43, సీటు దగ్గర 50. ఆఫీసుకు వేసుకెళ్లడానికి ఒంటికి సరిపడేది ఒక్కటీ లేదు.

చీటీ డబ్బులో పిల్లల ఫీజు పోను చేతిలో 6,500 రూపాయలున్నాయి. అందులోనే అన్నీ అయిపోవాలి.

ముందు రెడీమేడ్ చూద్దామని జీటీ రోడ్డుకు వెళ్లాను. ఒక షాపులో ఇంకా చెప్పులు విప్పనేలేదు, కౌంటర్ దగ్గరి కుర్రాడు "మీ సైజు రాదండీ" అనేశాడు. ఏం కావాలి, ఏ రంగు కావాలి, ఏదీ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంకో షాపులో త్రీ ఎక్స్ఎల్ దొరికింది. చాతీ సరిపోయింది కానీ భుజాలు కిందికి జారిపోయాయి. రెడీమేడ్‌లో సైజు పెరిగే కొద్దీ చాతీతో పాటు భుజమూ మెడా కూడా పెంచుకుంటూ పోతారు. లావైన వాళ్లందరికీ భుజాలు వెడల్పుగా ఉంటాయా? నా భుజం పదిహేనున్నర అంగుళాలే. ఆన్‌లైన్‌లో తెప్పించిన రేయాన్ టాపు కొలతలకు బాగానే ఉంది, కానీ పల్చగా ఉండి పొట్టకు అతుక్కుపోయింది. మా ఆమదాలవలసలో పొద్దున్న ఎనిమిదింటికే చెమటలు పడతాయి. దాన్ని వెనక్కి పంపేశాను.

ఇక కుట్టించుకోవడమే అనుకుని, మా వీధి చివర టైలరక్క దగ్గరికి వెళ్లాను. దసరా ముందు ఆమెకు ఊపిరి సలపదు. పండగ అయ్యాక రమ్మంది. అన్నట్టే వెళ్లి, సంచిలోంచి ఆది టాపు, అంటే కొలత కోసం ఇచ్చే పాత టాపు, తీసి ఇచ్చాను. ఆమె దాన్ని టేబుల్ మీద పరిచి, టేపు పెట్టి, నా వైపు చూసింది.

"ఏటమ్మా, ఇది ఎప్పటిది? వచ్చినప్పుడల్లా దీని మీద రెండంగుళాలు పెంచు అక్కా, మూడంగుళాలు పెంచు అక్కా అంటావు. ఇది నీ ఆది కాదు కదా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కోపంగా అనలేదు. నిజమే చెప్పింది. ఏడేళ్లుగా అదే టాపు ఆదిగా ఇస్తున్నాను. వచ్చే పండక్కి తగ్గుతానులే, అప్పుడు కొత్త కొలతలు ఇస్తానులే అనుకుంటూ వచ్చాను. అందుకే కుట్టించిన ప్రతిదీ చంకలో బిగుసుకునేది, పొట్ట దగ్గర ముడతలు పడేది. ఆ తప్పంతా నా ఒంటిదే అనుకునేదాన్ని.

"కొత్త ఆది చేసుకుందాం. పాత దుప్పటి ఏదైనా పట్రా" అంది అక్క.

ఈ ఒక్క పని నేను ముందే చేసి ఉండాల్సింది. 150 రూపాయల కూలితో పాత కాటన్ దుప్పటిని టాపులా కుట్టింది. కొలతలు తీసే ముందు సరైన బ్రా కొనుక్కురమ్మంది, ఎందుకంటే సాగిపోయిన దాని మీద తీస్తే చాతీ కొలత కిందికి వచ్చేస్తుంది, డాట్ (చాతీ దగ్గర వేసే మడత కుట్టు) పడే చోటూ మారిపోతుంది. రెండింటికి 700 అయ్యాయి. బడ్జెట్‌లో అది పెద్ద ముక్కే, అయినా దాంతోనే మొదలుపెట్టడం మంచిదైంది.

దుప్పటి టాపు వేసుకుని నిలబడ్డాను. బాగానే ఉందనిపించింది. "బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు చెయ్యెత్తు" అంది. ఎత్తాను. టాపు మొత్తం నాలుగంగుళాలు పైకి లేచిపోయింది. స్టూలు మీద కూర్చోమంది. రెండు పక్కలా స్లిట్లు తెరుచుకున్నాయి. ఆమె నా చుట్టూ తిరుగుతూ పిన్నులు పెట్టింది, సుద్దతో గీసింది, చంక కుట్టు విప్పింది. చంకలో బిగుతుగా ఉంటే కిందికి ఇంకా కోసేయాలని అనుకుంటాం కదా, ఆమె దానికి పూర్తిగా వేరేలా చేసింది. చంకను పైకి జరిపి, చేతి వెడల్పు 19 అంగుళాలకు పెంచింది. చంక ఎంత కిందికి ఉంటే చెయ్యెత్తినప్పుడు టాపు అంత పైకి లాగుతుందట. సీటు దగ్గర 54 పెట్టి, స్లిట్‌ను రెండంగుళాలు కిందికి దించింది. మళ్లీ చెయ్యెత్తాను, కూర్చున్నాను, వంగి చెప్పు తొడుక్కున్నాను. ఎక్కడా లాగలేదు. అద్దంలో చూసుకుంటే పువ్వులు వెలిసిపోయిన ఆ దుప్పటే నాకు ఎంతో హుందాగా కనిపించింది.

ఆ తర్వాత గుడ్డ లెక్క. షాపులో ఎప్పుడూ "టాపుకి రెండున్నర మీటర్లు చాలమ్మా" అంటారు. నాకు చాలదు, ఎందుకో అక్క పాత న్యూస్ పేపర్లు పరిచి చూపించింది. నా టాపుకి ముందు ముక్క, వెనక ముక్క ఒక్కోటి మడతలతో కలిపి 30 అంగుళాల వెడల్పు, 46 పొడవు. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అయినా, 36 అయినా అడ్డంగా ఒక్క ముక్కే పడుతుంది. అంటే ఆ రెండింటికే 92 అంగుళాలు పోతాయి. 44 పన్నా అయితే రెండు చేతులూ పక్కపక్కన పట్టి ఇంకో 20 అంగుళాలతో సరి, మూడు మీటర్లు తీసుకోవాలి. 36 పన్నాలో రెండు చేతులు పక్కపక్కన పట్టవు, ఒకదాని కింద ఒకటి కోయాలి. దానికి మూడున్నర మీటర్లు కావాలి. ఇన్నేళ్లూ నా టాపులకు చేతులు ఎందుకు పొట్టిగా వచ్చేవో అప్పుడు అర్థమైంది. గుడ్డ కొనేటప్పుడు ధర కన్నా ముందు పన్నా అడగండి.

కాటన్ మీటరు 140 చొప్పున మూడు రంగులు తీసుకున్నాను: నేవీ బ్లూ, మెరూన్, నెమలిపింఛం ఆకుపచ్చ. లావుగా ఉన్నవాళ్లు నలుపే వేసుకోవాలని మా ఆడపడుచు చెప్పింది కానీ నేను ఒప్పుకోలేదు. నాకు రంగులంటే ఇష్టం. ప్యాంట్లు మాత్రం నలుపు ఒకటి, క్రీమ్ ఒకటి చాలనుకున్నాను. ఏ టాపు మీదికైనా రెండూ వెళతాయి. లెగ్గింగ్స్ జోలికి పోకుండా ఎలాస్టిక్ పెట్టి స్ట్రెయిట్ ప్యాంట్లే కుట్టించాను. గుడ్డలన్నీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కటింగ్‌కు ఇచ్చాను. కాటన్ మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. మన సైజులో అర అంగుళం తగ్గినా తేడా తెలుస్తుంది.

నాలుగో టాపుకి మాత్రం పొందూరు వెళ్లాను. గాంధీ జయంతి రోజుల్లో ఖాదీ మీద రిబేటు ఇస్తారని మా అమ్మ గుర్తుచేసింది. అక్కడి సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ పళ్లు ఎంత సన్నగా ఉంటాయో చిన్నప్పుడు అమ్మమ్మతో వెళ్లినప్పుడు వేలితో తాకి చూశాను. ఆ సన్న రకం నా స్తోమతకు అందలేదు. కొంచెం ముతక రకంలో గంధం రంగుది 36 పన్నా మూడున్నర మీటర్లు, రిబేటు పోను 900 అయింది. డబ్బు ఖర్చు పెట్టానన్న బాధ ఒక్కదాని మీదా లేదు కానీ, దీని మీద గర్వం కూడా ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే నిలబడుతుంది, ఒంటికి అతుక్కోదు. సాయంత్రానికి కాస్త నలుగుతుంది, అంతే.

ఇంట్లో ఉన్న రెండు కాటన్ చీరలకు కొత్త జాకెట్లు కుట్టించాను. చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క మోచేతుల దాకా చేతులు పెట్టించుకోవడానికి నాకు చాలదు, మీటరు విడిగా కొనాల్సిందే. టాపుకి 300, ప్యాంటుకి 200 చొప్పున కుట్టుకూలీ, లైనింగ్, అన్నీ కలిపి 6,320 అయ్యాయి. నాలుగు టాపులు, రెండు ప్యాంట్లు, రెండు చీరలు. వారంలో ఆరు రోజులు ఆఫీసు. ఒకటి ఉతుకులో ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రతి టాపుకీ లోపల పక్క కుట్ల దగ్గర అంగుళం గుడ్డ వదిలించాను. ఒళ్లు పెరిగినా తగ్గినా సరిచేసుకోవచ్చు.

మొదటి రోజు నేవీ బ్లూ వేసుకున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది, శ్రీకాకుళం దాకా రాడ్డు పట్టుకునే నిలబడ్డాను. ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఓచర్లు ఎక్కిస్తూనే ఉన్నాను. భోజనానికి లేచినప్పుడు గమనించాను, పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా టాపు కిందికి లాక్కోలేదని.

దుప్పటి టాపు ఇప్పుడు అక్క దగ్గరే కవరులో ఉంది. మీద నా పేరు, కొలతలు తీసిన నెల రాసి పెట్టింది. పాత ఆదిని ఇంట్లో గిన్నెలు తుడవడానికి చింపేశాను. రథసప్తమికి అరసవిల్లి వెళ్లేలోపు ఇంకో మూడు మీటర్ల గుడ్డ కొనాలి, ఈసారి నిమ్మపండు పసుపు.