సీజన్‌లో చేత్తో తెర పట్టే ఆటలు వదలకండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మార్గళి సీజన్‌లో, అంటే అక్కడ ఊరంతా సంగీతం, డ్యాన్సు కార్యక్రమాలు జరిగే రోజుల్లో, ఏం చూడాలో చెప్పమని చెన్నైలో ఉన్న మనవాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు అడుగుతారు. అడిగినవాళ్లలో సగంమంది ఆ కార్యక్రమాలు పెట్టే సభల క్యాంటీన్‌లో టిఫిన్ చేసి అటునుంచటే ఇంటికి పోతారనుకోండి, అది వేరే విషయం. డ్యాన్సూ నాటకమూ నిజంగానే చూద్దామనుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెట్టే ఆట ఎక్కడుందో కనుక్కుని అక్కడికి వెళ్లండి. స్విచ్ నొక్కితే పక్కకి జరిగే కర్టెన్ కాదు, చేత్తో పట్టే తెర.

నా మొదటి ఓటు భామాకలాపానికే, అదే, కూచిపూడివాళ్లు ఆడే సత్యభామ కథకి. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది ఈ ఊళ్లోనే, కాబట్టి ఇక్కడివాళ్లకి కూచిపూడి కొత్తేం కాదు. కాకపోతే ఇప్పుడు చాలామంది సత్యభామ ప్రవేశ దరువు, అంటే రంగం మీదికి వచ్చేటప్పటి పాట, ఒక్కటీ ఒక ఐటెమ్‌లా చేసి సరిపెట్టేస్తున్నారు. కలాపం మొత్తం ఎవరైనా వేస్తుంటే మాత్రం ఏ పని ఉన్నా మానుకుని వెళ్లండి. ముందు తెర మీదుగా జడ ఒక్కటే ఇవతలికి పడుతుంది, కింద గజ్జెల కాళ్లు కనపడతాయి, మనిషి ఇంకా రాలేదు గానీ ఆ పొగరు మాత్రం అప్పటికే వచ్చేసి ఉంటుంది. నన్ను గెలిచేవాళ్లుంటే ఈ జడ కోయండని పాతకాలంలో ఆ వేషం కట్టినవాళ్లు పందెం కట్టేవాళ్లట. అంత అతిశయం ఉన్న సత్యభామ, నీ మొగుడి పేరు చెప్పమని చెలికత్తె మాధవి అడిగేసరికి నోరు పెగలక మెలికలు తిరిగిపోవడం చూడాలి, ఆ తర్వాత కృష్ణుడికి లేఖ రాసేటప్పటికి ఆ గొంతే మారిపోతుంది. మాధవిగా సూత్రధారే వస్తాడు, అతను హుషారైనవాడైతే హాలు నవ్వుతూనే ఉంటుంది.

రెండోది తెరుక్కూత్తు, తమిళుల వీధినాటకం. తమిళం అంతంతమాత్రం అంటారా, ఫర్వాలేదు, కథ చాలావరకు భారతమే. కాంచీపురం, తిరువణ్ణామలై వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకి తెల్లవార్లూ ఆడే ఆట ఇది, చెన్నైకి తెచ్చేసరికి రెండు గంటలకి కుదిస్తారు. దుర్యోధనుడి కిరీటం, భుజకీర్తులు చెక్కతో చేసి అద్దం ముక్కలు అతికిస్తారు, తెర వెనకనుంచే పాడుతూ గంతులేస్తూ ఉంటాడు, తెర దించగానే ఆ అద్దాలన్నీ ఒక్కసారి లైట్ల వెలుగులో మెరుస్తాయి. ముందు వరసలో కూర్చోండి, ముఖవీణ, అంటే సన్నాయిలాంటి చిన్న ఊదే వాద్యం, చెవులు చిల్లులు పడేలా మోగినా సరే.

రుక్మిణీదేవి పెట్టిన నాట్య విద్యాలయం కళాక్షేత్ర ఉత్సవం డిసెంబర్ ఆఖర్లో. తిరువాన్మియూర్ స్టేషన్‌లో దిగితే ఆటోకి పెద్దగా ఖర్చవదు. కేరళవాళ్ల కథకళి ఉంటే తిరనోక్కు, అంటే తెర వెనకనుంచి తొంగిచూడటం, చూడండి, రావణుడిలాంటి పాత్ర తెర అంచు పట్టుకుని కళ్లు మాత్రం చూపించి గర్జిస్తాడు, పిల్లల్ని తీసుకెళ్తే జడుసుకుంటారు, తర్వాత వారంపాటు ఇంట్లో దుప్పటి పట్టుకుని అదే ఆట ఆడతారు. రుక్మిణీదేవి రూపొందించిన రామాయణం ఆరు భాగాలు, అన్నిటికీ తీరిక లేకపోతే చూడామణి ప్రదానం ఎంచుకోండి. అక్కడ చేతి తెర ఉండదు, అయినా నా మాట వినండి.

ఒక్కరే చేసే భరతనాట్యం అయితే పేరు చూసి కాదు, పదానికి, అంటే అభినయం కోసం నిదానంగా పాడే శృంగార గీతానికి, ఎంతసేపు ఇస్తారో చూసి వెళ్లండి. తంజావూరు నాయకరాజులూ ఆ తర్వాత మరాఠా రాజులూ తెలుగుని నెత్తిన పెట్టుకోవడంవల్ల పదాలూ, వాటికన్నా చురుగ్గా సాగే జావళీలూ ఇప్పటికీ చాలావరకు మన భాషలోనే నడుస్తున్నాయి. పాడేవాళ్లు క్షేత్రయ్య పదంలో ఒకే పాదం మళ్లీ మళ్లీ పాడుతుంటే, నర్తకి కూర్చున్నచోటు కదలకుండా ఒకసారి ఎత్తిపొడుస్తుంది, ఒకసారి బతిమాలుతుంది, ఇంకోసారి తనకి తనే నచ్చజెప్పుకుంటుంది. పక్కవాళ్లు అర్థం కోసం కాగితంలో వెతుక్కుంటారు, మనకి ఆ పనిలేదు. మ్యూజిక్ అకాడమీ నృత్యోత్సవం జనవరి మొదటి వారంలో మొదలవుతుంది. పొద్దున్నపూట ఖాళీగా ఉంటే కృష్ణ గానసభ నాట్యకళా కాన్ఫరెన్స్ బాగుంటుంది, 1981 నుంచీ జరుగుతోంది, కళాకారులు మాట్లాడుతూ చేసి చూపిస్తారు.

రికార్డు పాటకి ముప్పైమంది వరసలు కట్టి, వెనక ఎల్‌ఈడీ తెర మీద జలపాతం దూకుతుండే బృంద నృత్యాలకి మాత్రం నన్ను పిలవకండి. సన్మానాల గోల సరేసరి, పోయిన సీజన్‌లో ఒకచోట శాలువాలు కప్పడం పూర్తయ్యేసరికి నర్తకికి జావళి వదిలేయాల్సి వచ్చింది.

భాగవతమేళా, అదే, మగవాళ్లే అన్ని వేషాలూ కట్టే పాత నృత్యనాటకం, సంగతేమిటని అడగబోతున్నారు కదూ. దానికి మేలట్టూరే వెళ్లాలి. తంజావూరు దగ్గర పల్లె, ఇంట్లో తమిళం మాట్లాడే మగవాళ్లు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రని తెలుగులోనే ఆడతారు, నరసింహ జయంతికి, అంటే మే నెల ఎండల్లో. అక్కడా తెర పట్టే ప్రవేశాలే. గది తంజావూరులో ముందే చూసిపెట్టుకుని మధ్యాహ్నం బాగా నిద్రపోండి, నరసింహుడు వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది.