ట్రెజరీ కామిక్స్ మళ్లీ పోగేసేవాళ్లకు

1970ల్లో అమెరికాలో డీసీ, మార్వెల్ అనే కామిక్స్ కంపెనీలు తమ పాత సూపర్‌హీరో కథల్ని సుమారు 10 అంగుళాల వెడల్పు, పదమూడున్నర అంగుళాల పొడవున్న పెద్ద పుస్తకాలుగా మళ్లీ అచ్చేశాయి. వీటికే ట్రెజరీలని పేరు. అరవైల చివరినుంచి అక్కడి ఆర్టిస్టులు ఒక్కో పేజీని దాదాపు 10 x 15 అంగుళాల కొలతలో గీసేవాళ్లు. అందుకే ఆ కాలపు కథల్ని ట్రెజరీలో చూస్తే, బొమ్మ గీసిన సైజుకి చాలా దగ్గరగా కనిపిస్తుంది. చిన్నప్పటివి పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ వీటికోసం వెతికేది ఇందుకే. ఆ సైజే వీటికి శత్రువు కూడా.

ముందు జాబితా రాసుకోండి. మార్వెల్ సంగతి తేలిక: మార్వెల్ ట్రెజరీ ఎడిషన్ 1974లో స్పైడర్‌మ్యాన్‌తో మొదలై 1981లో 28వ సంచికతో ఆగిపోయింది. ఆ చివరిది సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ కలిసిన కథ. స్టార్ వార్స్ లాంటివి మాత్రం విడి పేర్లతో వచ్చాయి, వాటిని వేరే రాసుకోవాలి.

తికమకంతా డీసీతోనే. లిమిటెడ్ కలెక్టర్స్ ఎడిషన్ అనే వాళ్ల వరుస 1972లో సి-20తో మొదలవుతుంది, సి-1 కోసం వెతికి లాభం లేదు. సి-26, సి-28, సి-30 ఆ వరుసలో కనబడవు. అవి ఫేమస్ ఫస్ట్ ఎడిషన్ పేరుతో వచ్చిన పాత కామిక్స్ సంచికల నకళ్లు: యాక్షన్ 1, డిటెక్టివ్ 27, సెన్సేషన్ 1. ఆ తర్వాత ఫేమస్ ఫస్ట్‌కి ఎఫ్-4 నుంచి ఎఫ్-8 దాకా వేరే నంబర్లిచ్చి, 1979లో సూపర్‌మ్యాన్ 1కి మళ్లీ సి-61 అన్నారు. 1978లో వచ్చిన సూపర్‌మ్యాన్, మహమ్మద్ అలీ పోటీ సి-56, కానీ సిరీస్ పేరు ఆల్-న్యూ కలెక్టర్స్ ఎడిషన్. అంటే మూడు పేర్లు ఒకే నంబర్ల వరుసని పంచుకున్నాయి. అమ్మేవాళ్లు పేరు తప్పు రాయడం మామూలే, అందుకే పేరుతో వెతికాక నంబరుతో కూడా వెతకాలి.

ఫేమస్ ఫస్ట్‌లతో పాత మోసం ఒకటుంది. వీటికి బయట కొత్త మందపాటి అట్ట, లోపల అసలు అట్టకి నకలు ఉంటాయి. బయటి అట్ట చింపేసి, లోపలిదాన్ని 1938 నాటి అసలు యాక్షన్ 1 అని అంటగడతారు. అసలుది ఏడుముప్పావు అంగుళాల వెడల్పు కూడా దాటదు. ఫొటోలో సైజు తెలీదు కాబట్టి, పుస్తకం మీద స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమనండి. పంపనంటే వదిలేయండి.

మిగతా ఫొటోల్లో చూడాల్సింది మూలలు, వెన్ను, వెనకట్ట. మూలలు దాదాపు అన్నిటికీ నలిగే ఉంటాయి, ఎందుకంటే మామూలు కామిక్స్ ర్యాకుల్లో, పెట్టెల్లో ఇవి పట్టేవి కావు. అట్ట మందం కాబట్టి తెరిచినప్పుడల్లా వెన్ను పక్కన రంగు పగిలి తెల్ల గీతలు పడతాయి. అలీ పుస్తకంలో ముందట్టా వెనకట్టా కలిపి ఒకటే జనసందోహం బొమ్మ, అక్కడ ఆ గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డీసీవాటిలో కొన్నింటి వెనకట్ట మీద పిల్లలు కత్తిరించి నిలబెట్టుకునే బొమ్మలుండేవి. పిల్లలు ఊరుకుంటారా, కత్తిరించేశారు! వెనకట్ట ఫొటో లేని ప్రకటనని నమ్మకండి. మధ్య పేజీలు పిన్నులకి అంటుకునే ఉన్నాయా అని విడిగా అడగండి. పిన్నులకి తుప్పు పట్టినా మార్చకండి, కొత్త పిన్ను మెత్తబడిన కాగితాన్ని చీలుస్తుంది.

పుస్తకం ఎంత బాగుందో చెప్పడానికి అమ్మేవాళ్లు గ్రేడు రాస్తారు. మా లెక్కలో చదువుకోడానికి వెరీ గుడ్ గ్రేడు (పేరుకే అలా, నిజానికి మధ్యరకం) చాలు. పైగ్రేడుకి పెట్టే డబ్బుతో ఇంకో రెండు మూడు కొనుక్కోవచ్చు.

ప్యాకింగ్ గురించి అమ్మేవాళ్లకి ముందే చెప్పాలి. పుస్తకాన్ని బ్యాగులో, అంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, 12 x 15 అంగుళాల ముడతల అట్టముక్కలు రెండింటి మధ్య బిగించాలి. ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి. రెండూ ఒకే వైపుంటే ఆ గీత వెంటే మడతపడుతుంది.

ఇంటికొచ్చాక ట్రెజరీ సైజు పాలీప్రొపిలీన్ బ్యాగు, పుస్తకం వెనక ఊతంగా యాసిడ్ లేని బోర్డు వాడండి. మ్యాగజైన్ బ్యాగులో ఇది పట్టదు. స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ ఫైలు కవర్లు అసలొద్దు, ఏడాది తిరిగేసరికి అట్ట మీది సిరా వాటికి అంటుకుంటుంది. బ్యాగు మూత టేపుతో అతికించారా? పుస్తకం బయటికి తీసేముందు టేపుని పూర్తిగా పీకేయండి, లేదా మూతని వెనక్కి మడిచి బ్యాగుకే అంటించేయండి. వేలాడే టేపు అట్టకి తగిలిందంటే రంగు పొరతో సహా ఊడొస్తుంది. ట్రెజరీలు ఇలా కూడా పాడవుతాయి.

నిలబెడితే బరువుకి వంగిపోతాయి, పడుకోబెట్టి పదికి మించకుండా దొంతర పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి చెమ్మ ఊళ్లలో ఉండేవాళ్లు మూతపెట్టెలో చెమ్మ పీల్చే, రంగు మారే సిలికా జెల్ వేసి, వర్షాకాలంలో నెలకోసారి దాని రంగు చూసుకోవాలి. గోడకి ఆనుకున్న బీరువా అడుగు అరలో పెడితే బూజుతో పాటు సిల్వర్‌ఫిష్ పురుగులూ చేరతాయి.