మజిలీ నుంచి మజిలీ వరకు

జపాన్‌లో మాగోమె అనే ఊరి నుంచి త్సుమాగో అనే ఊరి దాకా కొండదారి ఎనిమిది కిలోమీటర్లు. ఒకప్పుడు ఎడోను, అంటే నేటి టోక్యోను, క్యోటోతో కలిపిన నకసెందో బాటలో ఇదొక ముక్క. ఆ బాట మొత్తం 530 కిలోమీటర్లు, 69 మజిలీలు. ఇంతటి నిడివి చెప్పేటప్పుడు జపనీస్ వాళ్లు 'ని వతత్తె', అంటే 'అంత మేరా' అన్న మాట వాడతారు. నా ఎనిమిది కిలోమీటర్లకు అది మరీ డాబు.

దారి పొడవునా చెక్క పలకల మీద 'త్సుమాగో మదె' అని దూరం రాసి ఉంటుంది. 'మదె' అంటే దాకా, 'కర' అంటే నుంచి. విభక్తి పేరు వెనకే రావడం మనకు అలవాటే కనుక ఇంతవరకు నల్లేరు మీద నడక. 'మదె' పక్కన 'ని' చేరితేనే చిక్కు. సత్రం ఆవిడ ఫోనులో "రొకుజి మదెని" రమ్మన్నారు. అంటే ఆరింటిలోగా. ఆ 'ని' ఎగిరిపోతే ఆరింటిదాకా వస్తూనే ఉండమన్నట్టు!

ఆ ఉదయం టీవీలో వాన కబురు: 'హిరుసుగి కర యూగత ని కకెతె'. వాతావరణ శాఖ లెక్కలో హిరుసుగి పన్నెండు నుంచి మూడు, యూగత మూడు నుంచి ఆరు. మాటలకు గడియారం కట్టిన ఆ శాఖే, చివర 'మదె' అనకుండా 'ని కకెతె' అంటుంది. 'మదె' అంటే వాన ఫలానా వేళకు ఆగాలి. 'ని కకెతె' ఆ పూచీ తీసుకోదు. ఆ ప్రాంతంలో ఎప్పుడో మొదలై ఎప్పుడో ముగుస్తుందంటుంది, అంతే.

దాదాపు 800 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాక పాత టీ విడిది ఒకటుంది. బాటసారులకు టీ ఉచితం. కప్పు అందించిన పెద్దాయన ఆకాశం చూసి, "అమె గ ఫురనయ్ ఉచి ని" బయల్దేరమన్నారు. 'ఉచి' అంటే లోపల. మనం 'వాన పడేలోపల' అంటాం. ఆయన అన్నది 'వాన పడని లోపల'. మన చూపు రాబోయే వాన మీద, వాళ్లది ఇంకా మిగిలిన పొడి సమయం మీద. ఆ కాస్త సమయాన్ని గదిలా చూసి, అందులో ఉండగానే పని కానిమ్మనడం నాకు భలే నచ్చింది.

వెంటనే లేచినా ఒదకి, మెదకి జంట జలపాతాల దగ్గర వాన పట్టుకుంది. ఐదున్నరకు సత్రం చేరాను, 'మదెని' నెగ్గింది. వాన మాత్రం రాత్రి భోజనం అయ్యాక కూడా కురుస్తూనే ఉంది. 'ని కకెతె' అన్నారు కదా, నిలదీయడానికి లేదు.