రచయిత్రుల అర

స్కూలు రోజుల అల్లరి గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మన బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. అది వాళ్లకే వదిలేసి, మన లైబ్రరీలో అంటుకుని ఇప్పటికీ వదలని అలవాటు గురించి రాస్తాను: ఆసియా రచయిత్రుల కథలూ నవలలూ చదవడం.

‘ఆడవాళ్ల కథలా? అన్నీ ఏడుపులే కదా’ అని మీలో కొందరు వెక్కిరించేవారు. నా చేతికి ముందుగా చిక్కిన కథలో మాత్రం పరదా చాటున ఉన్నది మగవాళ్లు! బెంగాలీ రచయిత్రి రోకియా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానా కల’ 1905లో మద్రాసు పత్రికలో అచ్చయింది. అందులో స్త్రీలు ఎండ వేడితో వంట చేసుకుంటారు, అదే వేడితో శత్రుసైన్యాన్ని తరిమికొడతారు. భర్త ఊళ్లో లేనప్పుడు కాలక్షేపానికి రాసిందట. తిరిగొచ్చిన ఆయన నిలబడే మొత్తం చదివి, ఘోరంగా పగ తీర్చుకున్నావన్నాడని ఆవిడే చెప్పుకుంది. ఆ మాటలో నాకు కోపం కన్నా మురిపెమే ఎక్కువగా వినిపిస్తుంది.

ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ దగ్గరికి వచ్చేసరికి ఆ కొంటెతనం పదునెక్కింది. 1942లో వచ్చిన ఆవిడ కథ ‘లిహాఫ్’ (రజాయి)ను అశ్లీలమంటూ లాహోర్ కోర్టుకు ఈడ్చారు. వెతికినా అందులో ఒక్క బూతుమాట దొరకదు. కథ చెబుతున్నది చిన్నపిల్ల. రాత్రిపూట గోడ మీద ఏనుగులా ఊగే రజాయి నీడ చూసి హడలిపోతుంది, అంతకు మించి తనకేమీ తెలియదు. తెలిసేది మనకు. భర్త పట్టించుకోని బేగం జాన్ ఒంటరితనం ఎప్పటికీ తీరని ఒంటి దురదగా బయటపడుతుంది. ఆమె మీద జాలిపడమని రచయిత్రి ఎక్కడా అడగదు. కోర్టులో అభ్యంతరకరమైన మాట చూపించలేక సాక్షులు తడబడ్డారు, కేసు వీగిపోయింది.

చాటుమాటు చదువు వీళ్లలో కొందరికి తప్పలేదు. రోకియాకు అన్న రాత్రిళ్లు పాఠాలు చెప్పాడు. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో ‘గెంజీ’ గాథ అనే నవల రాసిన జపాన్ రచయిత్రి మురసాకీ షికిబు, సోదరుడికి చెప్పే చైనా గ్రంథాల పాఠాలు పక్కనుంచి విని అతనికన్నా ముందే నేర్చేసింది. మగపిల్లాడివై పుట్టలేదే అని తండ్రి వాపోయాడని తన డైరీలో రాసుకుంది. కిటికీ పక్క బెంచీలో కూర్చుని పాఠం తప్ప అన్నీ విన్న మనకు ఇది కాస్త ఇబ్బందికరమైన సమాచారమే.

అందరూ ఇలా నవ్విస్తారని కాదు. 2024లో సాహిత్య నోబెల్ అందుకున్న తొలి ఆసియా మహిళ, దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్ తీరే వేరు. ‘హ్యూమన్ యాక్ట్స్’ 1980 మేలో ఆ దేశపు గ్వాంగ్జు నగరంలో సైన్యం సాగించిన మారణకాండ మీద రాసిన నవల. బడికి వెళ్లే వయసు కుర్రాడు వ్యాయామశాలలో శవాల వివరాలు రాసుకుంటూ ఉంటాడు. మొదటి అధ్యాయమంతా అతన్ని ‘నువ్వు’ అని పిలుస్తూ సాగుతుంది. పుస్తకం మధ్యలో మూయక తప్పలేదు నాకు. ఆవిడదే మరో నవల ‘ది వెజిటేరియన్’ను అందరూ మెచ్చుకుంటారు కానీ నా ఓటు దీనికే. ఇస్మత్‌నూ ఈవిడనూ ఒకే అరలో పెట్టడం పుస్తకాలు సర్దేవారికి సులువు. చదివేవారికి మాత్రం ఇద్దరికీ పొంతనే కనిపించదు.

మీలో ఎవరైనా మొదలుపెట్టేట్టయితే హాన్ కాంగ్‌తో వద్దు. ‘లిహాఫ్’ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ‘గెంజీ’ 54 అధ్యాయాలు, దాని జోలికి రిటైరైనవాళ్లే వెళ్లండి.